ఒక్కటి బాబాయ్ మార్పుల పుస్తకం

ఒక్కటి బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క తిక్క. ఏ విషయంలోనైనా సరే, ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. మార్చి, చేతులు కట్టుకుని కూర్చుని, ఏమవుతుందో చూస్తాడు. అది తేలేదాకా ఆకాశం ఊడి నెత్తిన పడ్డా రెండోది ముట్టుకోడు. నిజంగా పడిందే అనుకోండి, తను మార్చినదాని వల్ల పడిందా, దానంతటది పడిందా అన్నది ముందు తేలాలంటాడు.

నమ్మనివాళ్లకి సాక్ష్యం ఉంది. ఆయన కొత్త బూట్లు కొన్నప్పుడు మొదటి వారం ఎడమకాలికే తొడిగాడు. కుడికాలికి పాతదే. ఎడమది కాఫీరంగు, కుడిది నలుపు. ఆ వారమే బయటి కంపెనీ పెద్దలు మీటింగుకి వచ్చారు. అందరూ తెర చూడటం మానేసి బల్ల కిందికి చూస్తున్నారు.

"ఏంటి సార్, తొందర్లో వచ్చేశారా?" అని అడిగాడు వాళ్లలో ఒకాయన, మర్యాదగానే.

"లేదండీ, నెమ్మదిగానే వచ్చాను. కొత్తది కరుస్తుందో లేదో తెలియాలంటే పోల్చుకోడానికి పక్కన పాతది ఉండాలి కదా."

అడిగినాయన కాసేపు ఆలోచించి కాంట్రాక్టు మీద సంతకం పెట్టేశాడు. పై వారం నుంచి ఆయన కూడా రెండు రంగుల బూట్లే వేసుకుంటున్నాడని చెప్పుకున్నారు గానీ, అంత దూరం మనకెందుకు.

ఇంకోసారి జ్వరమొస్తే డాక్టరు మూడు రకాల మాత్రలు రాశాడు. బాబాయ్ మూడూ కొని, ఒక్కటే వేసుకుని, మిగతా రెండూ బీరువాలో దాచాడు. మూడోరోజుకి జ్వరం తగ్గింది. ఇంకొకడైతే హాయిగా ఆఫీసుకి పోతాడు. ఈయనకి మనసు ఊరుకోలేదు. మాత్ర వల్ల తగ్గిందా, దానంతటదే తగ్గిందా? తేల్చుకోడానికి పనిగట్టుకుని వానలో అరగంట నిలబడి మళ్లీ జ్వరం తెచ్చుకున్నాడు. ఈసారి ఏ మాత్రా వేసుకోకుండా దుప్పటి ముసుగేశాడు. అప్పుడూ మూడోరోజుకే తగ్గింది. ఆ లెక్క కాగితం మీద రాసి పట్టుకెళ్లి చూపిస్తే, డాక్టరు లేచి నిలబడి దండం పెట్టాడు.

"మీరింక రాకపోయినా ఫరవాలేదు గానీ, ఈ కాగితం మాత్రం బయట కూర్చున్నవాళ్లకి చూపించకండి బాబూ!"

ఇల్లు మారినప్పుడైతే మరీ. "ఇల్లు మారింది, ఈ నెలకి అది చాలు" అని సామాన్లన్నీ పాత ఇంట్లో ఏ మూల ఉంటే ఈ ఇంట్లోనూ ఆ మూలే పెట్టించాడు. పాత ఇంట్లో బీరువా ఉన్న చోట కొత్త ఇంట్లో వీధి తలుపుంది. నెల రోజులు చుట్టాలందరూ ఇల్లంతా చుట్టి వంటింట్లోంచి లోపలికొచ్చారు.

ఆయన భార్యని ఆఫీసంతా పిన్ని అనేవాళ్లు. ఇంత మనిషితో ఎలా వేగుతున్నారు పిన్నీ అని ఎవరన్నా అడిగితే ఆవిడ దగ్గర ఒకే జవాబు. "మా పెళ్లైన నెలలోనే ఈయనకి పెద్ద జీతంతో కొత్త ఉద్యోగం వచ్చింది. వద్దన్నాడు. అదే నయమైంది. అదీ మారుంటే, ఇంట్లో సుఖం పెరిగింది నా వల్లో, జీతం వల్లో ఇప్పటికీ తేలేది కాదు. ఇప్పుడు తేలిపోయింది. నా వల్లేనట. సంతకం పెట్టి రాసిచ్చాడు."

ఈ తిక్క ఆయనకి ఉద్యోగంలో అంటుకుందని కొందరు, తిక్క చూసే ఆ ఉద్యోగం ఇచ్చారని కొందరు. బస్సు టికెట్లు అమ్మే ఒక వెబ్‌సైటు కంపెనీలో ఆయన సర్వర్లు చూసుకునేవాడు. మొత్తం ఎనిమిది సర్వర్లు. వాటి మెమరీకి సంబంధించి ఏ అంకె మారినా ముందు ఆయన దగ్గరున్న పొడుగాటి మార్పుల పుస్తకంలో ఎక్కాలి. తేదీ, పాత అంకె, కొత్త అంకె, కారణం, మార్చినవాళ్ల పేరు, పక్కన బాబాయ్ సంతకం. కంప్యూటర్ల కంపెనీలో కాగితం పుస్తకమేంటని నవ్వినవాళ్లున్నారు. "కంప్యూటరు పడిపోయినప్పుడు ఎందుకు పడిందో కంప్యూటర్లో రాసుకుంటే ఎలా చదువుతావురా?" అనేవాడు.

అలాంటి మనిషి కిందికి వచ్చి పడింది కొత్తమ్మాయి. పేరుకే అమ్మాయి. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, కవలపిల్లల తల్లి. పిల్లల కోసం ఎనిమిదేళ్లు ఉద్యోగం మానేసి, మళ్లీ మొదలుపెడదామని పదకొండు కంపెనీల మెట్లెక్కింది. అన్నిచోట్లా ఒకే ప్రశ్న.

"ఈ ఎనిమిదేళ్లూ ఏం చేశారు?"

"ఇద్దరు పిల్లల్ని పెంచానండీ."

"అది సరే, పనేం చేశారు?"

పన్నెండో కంపెనీ ఇది. ఇంటర్వ్యూలో బాబాయ్ కళ్లద్దాలు పైకి తోసుకుని అడిగాడు.

"ఇద్దర్నీ ఒకరి తర్వాత ఒకర్నా, ఒకేసారా?"

"ఒకేసారండీ. కవలలు."

"అయ్యయ్యో!" నిజంగానే బాధపడ్డాడు. "మరి ఇంట్లో ఏదన్నా పగిలితే ఎవరు పగలగొట్టారో ఎలా తెలిసేదమ్మా?"

"తెలిసేది కాదండీ. ఇద్దర్నీ తిట్టేదాన్ని."

"అది తప్పు కదా?"

"తప్పేనండీ. కానీ తీరిక ఉండేది కాదు."

తప్పు ఒప్పుకుంది కాబట్టి ఉద్యోగం ఇచ్చేశారు. అయితే ఆరు నెలలు పరీక్షకాలం. పని నచ్చితే ఖాయం, నచ్చకపోతే ఇంటికి. పదమూడో కంపెనీ మెట్లెక్కే ఓపిక తనకి లేదని ఆమెకి తెలుసు.

మొదటిరోజే బాబాయ్ ఆమెని కింద క్యాంటీన్‌కి తీసుకెళ్లాడు. టీ తాగడానికి కాదు, పాఠానికి. ఈ ఒక్క సంగతి నేర్పడానికి కాలేజీల్లో నెలలు నెలలు పీకుతారు. కాలేజీ గోడ దూకి పారిపోయినవాడికి కూడా ఎక్కేలా బాబాయ్ అది మూడు నిమిషాల్లో చెప్పేవాడు.

"సర్వరంటే ఈ క్యాంటీన్ అనుకో. వచ్చిన ప్రతివాడికీ ఒక ప్లేటు కావాలి. తింటాడు, ప్లేటు వదిలేసి పోతాడు. ఆ వదిలేసిన ప్లేటే మన చెత్త. దాన్ని తియ్యడమే గార్బేజ్ కలెక్షన్. తియ్యకపోతే?"

"కొత్తవాళ్లకి చోటుండదు."

"హాలంతా ఎంగిలి ప్లేట్లతో నిండిపోతే వంటవాడు గరిటె దించాలి, వడ్డించేవాడు నిలబడిపోవాలి, తినేవాడు నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని కూర్చోవాలి. అన్నీ తీసేదాకా ఎవడూ కదలకూడదు. మన వెబ్‌సైటు ఆగిపోవడమంటే అదే."

"హాలు పెద్దది చేస్తే?"

"ఆపడం తగ్గుతుంది. కానీ ఆపిన రోజు చాలాసేపు ఆపాలి."

"చిన్నది చేస్తే?"

"కొంచెంసేపే ఆపుతావు. కానీ ఊరికూరికే ఆపుతావు."

"మరి ఏది మంచిది బాబాయ్?"

"అది తేల్చడానికే మనకి జీతం."

తర్వాత క్యాంటీన్ తలుపు పక్కనున్న చిన్న బల్ల చూపించాడు. తిన్నవాళ్లు ప్లేట్లు ముందు ఆ బల్ల మీద పెడతారు. అక్కడున్నవి అక్కడే చిటికెలో తీసేస్తారు. బల్ల నిండిపోతేనే ప్లేట్లు లోపలికి, హాల్లోకి పోతాయి. సర్వర్లో కూడా మెమరీలో ఒక వాటా అలాంటి బల్లే. ఆమె తల ఊపింది. పుస్తకాల్లో ఇరవై పేజీలున్నది ఇంతేనా అనుకుంది. ఇంతే.

ఐదో నెలలో ఆమె ఒక సంగతి కనిపెట్టింది. మెమరీ ఎప్పుడూ అంచు దాకా నిండే ఉంటోంది. హాలు రెట్టింపు చేద్దామని బాబాయ్‌ని అడిగింది. ఆయన నాలుగు రోజులు తెర మీద మెమరీ గీతలు చూసి, ఆమె చేతే పుస్తకంలో రాయించి, పక్కన సంతకం పెట్టాడు. మూడు వారాలు సర్వర్లు ఉయ్యాల్లో పాపాయిల్లా ఉన్నాయి.

అప్పుడు బడులకి సెలవులొచ్చాయి. సెలవుల టికెట్లు రోజూ ఉదయం సరిగ్గా పదింటికి వదులుతారు. పదింటికి జనం తోసుకొస్తారు, పదింబావుకి అంతా సద్దుమణుగుతుంది. మొదటి సోమవారం పదిగంటల రెండు నిమిషాలకి వెబ్‌సైటు నలభై సెకన్లు బిగుసుకుపోయింది. నలభై సెకన్లేగా అనకండి. టికెట్టు కోసం నొక్కి నలభై సెకన్లు ఊపిరి బిగబట్టి చూడండి తెలుస్తుంది. ఒకాయన కంగారులో ఏడుసార్లు నొక్కితే ఏడు సీట్లొచ్చాయట. ఒక్కడే ఏడు సీట్ల మీదా వంతులవారీగా కూర్చుంటూ ఊరెళ్లాడని వినికిడి.

కంపెనీ పెద్దని అందరూ పెద్దసారు అనేవాళ్లు. ఆయన కేకకి గాజు తలుపులు వణికేవి. పదకొండింటికల్లా అందర్నీ పిలిచాడు.

"చివరగా ముట్టుకుంది ఎవరు?"

పుస్తకం తెరిచారు. ఇప్పుడు సర్వర్ల మీదున్న మెమరీ సెట్టింగులు తొమ్మిది. అన్నిటికంటే కొత్తది కొత్తమ్మాయిది.

"ఇంకేం, తెలిసిపోయింది. ఈ శుక్రవారంతో ఈమె ఆరు నెలలు అయిపోతాయి కదా? ఉత్తరం తయారు చేయిస్తాను."

బాబాయ్ చెయ్యెత్తాడు.

"ఈమెదేనని ఎలా తెలిసింది సార్?"

"చివరగా ముట్టుకుంది ఈమే కదయ్యా!"

"పాడుబడ్డ ఇల్లు కూలినప్పుడు ఆ పూట తలుపు తట్టినవాడిదే తప్పంటారా సార్?"

పెద్దసారుకి సామెతలంటే చిరాకు. "అయితే తేల్చండి. శుక్రవారం పదకొండు దాకా మీ ఇష్టం. అప్పటికి తేలకపోతే ఉత్తరం ఇచ్చేస్తాను."

అనుమానితులు తొమ్మిదిమంది, ఆ తొమ్మిది సెట్టింగులూ. రద్దీ వచ్చేది రోజుకి ఒక్కసారి. రద్దీ లేనప్పుడు ఏ సెట్టింగైనా బుద్ధిమంతుడే. అంటే శుక్రవారం లోపల చేతిలో ఉన్నవి నాలుగు ఉదయాలు. ఆఫీసులో ఈ లెక్క అందరికీ వచ్చింది, ఒక్క బాబాయ్‌కి తప్ప. ఆయన అప్పుడే మొదటి అనుమానితుడి పేరు రాసుకుంటున్నాడు.

మంగళవారం కొత్తమ్మాయి అంకెని తీసేసి పాతది పెట్టారు. పదింటికి అందరూ తెర ముందు చేరారు. వెబ్‌సైటు పన్నెండు సెకన్లు ఆగింది.

"చూశారా!" అన్నాడు పెద్దసారు. "నలభై ఉన్నది పన్నెండయింది! ఈమెదే!"

"ఉండండి సార్," అన్నాడు బాబాయ్. మళ్లీ ఆగింది. మళ్లీ ఆగింది. మళ్లీ. "నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది. తగ్గలేదు సార్, ముక్కలైంది."

పెద్దసారు అప్పటికే, మొదటి పన్నెండు దగ్గరే వెళ్లిపోయాడు. మనుషులు తమకి కావలసినంతే లెక్కపెడతారు.

బుధవారం ఆమె అంకెని యథాస్థానంలో పెట్టి, రెండో అనుమానితుణ్ణి తీశారు. మళ్లీ నలభై సెకన్లు. ఏమీ మారలేదు. రెండు ఉదయాలు పోయాయి, ఇంకా ఏడుగురున్నారు.

"బాబాయ్, రేపు నాలుగు కలిపి తీసేద్దాం. ఎల్లుండి మూడు."

"కుదరదమ్మాయ్."

"ఎందుకు కుదరదు?"

"నాలుగు కలిపి తీశాక బాగుపడిందనుకో. ఏది తీస్తే బాగుపడింది?"

"ఏదైతే ఏంటి బాబాయ్, బాగుపడితే చాలదా!"

"చాలదు. ఏదో తేలకుండా బాగుపడితే నీ పేరు మీద మరక అలాగే ఉండిపోతుంది. జనం గుర్తుపెట్టుకునేది ఆ మరకనే."

"మరక సంగతి తర్వాత! నా ఉద్యోగమే పోతోంది!" ఆమె గొంతు లేచింది. తిట్టకూడదనుకుంటూనే తిట్టేసింది. "మీ పుస్తకం చల్లగా ఉంటుంది, మీ ఒక్కటి చల్లగా ఉంటుంది, నేను మాత్రం ఇంటికి పోతాను. మీ తిక్కకి నేను దొరికాను!"

సంచీ భుజాన వేసుకుని నాలుగింటికే వెళ్లిపోయింది. బాబాయ్ పుస్తకం మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు.

ఆరింటికి కొత్తమ్మాయికి పిన్ని ఫోను చేసింది. "ఒకసారి ఇంటికొచ్చి పోమ్మా. ఈయన వచ్చినప్పట్నుంచి ఏమీ ముట్టలేదు. కోపమా, ఆకలి లేకా, ఏదో ఒకటి తేల్చి చెప్పమంటే అదీ చెప్పడం లేదు."

వెళ్లింది. బాబాయ్ వసారాలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పిన్ని ఆమెని నేరుగా వంటింట్లోకి తీసుకెళ్లి, స్టవ్ మీద టీ పెడుతూ, కూరలు బేరమాడినంత మామూలుగా చెప్పింది.

"పదహారేళ్ల కిందట ఈయన వేరే కంపెనీలో ఉండేవాడు. ఒకరోజు నలుగురు నాలుగు సెట్టింగులు మార్చారు. సర్వర్లు కూలాయి. ఎవరి వల్లో తెలీదు. ఆ నలుగురిలో చేరి మూడు నెలలైన మనిషి ఒకతనుంటే, అతన్ని ఇంటికి పంపేశారు. మిగతా ముగ్గురిలో ఈయనొకడు."

"మరి ఎవరిదో..."

"ఇప్పటికీ తెలీదు. వారం తర్వాత ఈయన అతని ఇంటికెళ్లాడు, 'నీదో కాదో తెలీదయ్యా' అని చెప్పడానికి. అతను తల దించుకుని 'నాదే అయ్యుంటుంది సార్' అన్నాట్ట. ఆ మాట పట్టుకుంది ఈయన్ని. ఆ మర్నాడే పుస్తకం కొన్నాడు. బూట్లూ మాత్రలూ అంటే నవ్వులకే. ఆ పుస్తకం మాత్రం నవ్వులకి కాదమ్మా."

కొత్తమ్మాయి స్టవ్ వైపు చూసింది. పిన్ని నాలుగు గ్లాసుల్లో టీ పోస్తోంది. ఉన్నది ముగ్గురు.

"నాలుగెందుకు పిన్నీ?"

"మనిద్దరికీ చెరొకటి. ఈయనకి రెండు. కొత్త టీపొడి కొన్నాను. ఒక గ్లాసులో పాతది, ఒక గ్లాసులో కొత్తది. ఏది బాగుందో ఒకే పూట చెప్పేస్తాడు. ఈయన పద్ధతిలో అయితే ఇవాళొకటి, రేపొకటి. అన్ని రోజులు ఎవరు కూర్చుంటారమ్మా? గ్లాసుకి ఒక్కటే కదా మారుస్తున్నాను! ఈయన రూలూ చెడలేదు, నా పనీ ఆగలేదు. ముప్ఫై ఏళ్లుగా ఇంతే."

కొత్తమ్మాయి గ్లాసులు చూసింది. పిన్నిని చూసింది. ట్రే లాక్కుని వసారాలోకి పరిగెత్తింది. సగం టీ ట్రేలోనే ఒలికింది.

"బాబాయ్! మనకి ఎనిమిది సర్వర్లున్నాయి!"

"ఉన్నాయి."

"మిగిలిన అనుమానితులు ఏడు. ఒక్కో సర్వర్లో ఒక్కోటి తీద్దాం. ఎనిమిదోది ముట్టుకోకుండా వదిలేద్దాం, పోల్చుకోడానికి. రేపు పదింటికి అన్నీ ఒకేసారి తేలిపోతాయి!"

బాబాయ్ ముఖంలో రంగులు మారాయి. "ఎనిమిదీ ఎప్పుడూ ఒకేలా ఉండాలమ్మాయ్. ఒకే ఫైలు చదువుతాయి. ఇన్నేళ్లలో వాటి మధ్య వెంట్రుకంత తేడా రానివ్వలేదు నేను."

"టీ తాగండి," అంది పిన్ని గుమ్మంలోంచి.

ఒక గ్లాసు తాగాడు. రెండోది తాగాడు. "ఇది కొత్త పొడి," అన్నాడు. "బాగుంది." ఖాళీ గ్లాసులు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు వాటికేసి చూశాడు. "ఒక్కోదాంట్లో ఒక్కటే..." అని గొణిగాడు. "అంటే ఇదీ ఒక్కటే." లేచి, భోజనం పెట్టమన్నాడు. కొత్తమ్మాయి క్షమాపణ చెప్పబోతే చెయ్యి అడ్డుపెట్టాడు. "ఇవాళ్టికి ఒకటి మార్చావు చాలు."

గురువారం ఎనిమిదింటికే ఇద్దరూ ఆఫీసులో ఉన్నారు. ఒక ఫైలు ఎనిమిదయింది. ఒక్కో పేరు ఆమె చదువుతుంటే ఆయన ఒక్కో సర్వరు దగ్గర రాస్తున్నాడు. ఐదో పేరు దగ్గర ఆమె ఆగింది. తలుపు పక్క బల్ల ఎంత ఉండాలో చెప్పే అంకె అది. మార్చింది బాబాయే, ఆరేళ్ల కిందట. కారణం గడిలో ఆయన గుండ్రటి అక్షరాల్లో రాసుంది: ప్రస్తుతానికి ఇది చాలు.

"ఇది వదిలేద్దామా బాబాయ్? ఆరేళ్లుగా బాగానే ఉంది కదా."

"బాగానే ఉందని ఎవరు చెప్పారు? ఎవరూ అడగలేదు, అంతే. ఐదో నంబర్లోంచి తీసేద్దాం. బల్ల ఎంత కావాలో సర్వర్నే చూసుకోనీ."

పదయింది. జనం తోసుకొచ్చారు. పదీ రెండుకి తెర మీద ఎనిమిది గీతల్లో ఏడు నిట్టనిలువుగా లేచి అక్కడే బిగుసుకుపోయాయి. ఐదోది మాత్రం ఏమీ పట్టనట్టు నేల మీద పాకుతూ పోతోంది. రెప్పపాటు కూడా ఆగలేదు.

ఆరేళ్ల కిందట జనం తక్కువ, చిన్న బల్ల చాలింది. ఇప్పుడు బల్ల చిటికెలో నిండిపోతోంది. అక్కడే తీసెయ్యాల్సిన ప్లేట్లన్నీ హాల్లోకి పోతున్నాయి. కొత్తమ్మాయి హాలు పెంచితే హాలు నిండటం ఆలస్యమైంది, ఆపి శుభ్రం చెయ్యడం ఎక్కువసేపైంది. ఆమె పెంచడం తప్పు కాదు. బల్ల చిన్నది.

బాబాయ్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

"నాదే!"

వరండాలోకి పరిగెత్తాడు. క్యాంటీన్ మనిషిని పట్టుకుని ఊపేశాడు. "నాదేనయ్యా! తేలిపోయింది! నాదే!"

"శుభం సార్! మనవడా, మనవరాలా?"

"కాదయ్యా, తప్పు!"

మూడు అంతస్తులూ తిరిగి చెప్పి వచ్చాడు. సొంత తప్పుకి అంత ఊరేగింపు తీసినవాడు ఈ భూమి మీద ఇంకొకడు పుట్టలేదు, పుడితే చూపించండి.

శుక్రవారం పదకొండింటికి పెద్దసారు గదిలో బల్ల మీద కవరు సిద్ధంగా ఉంది. బాబాయ్ ఎనిమిది గీతలున్న కాగితం, పక్కన పుస్తకం పెట్టాడు. పెద్దసారు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంత స్పష్టంగా తేలిన తప్పు ఆయన ఉద్యోగజీవితంలో ఎన్నడూ చూడలేదు.

"అంటే ఈ ఉత్తరంలో పేరు తీసి మీ పేరు పెట్టాలా?"

"పెట్టండి సార్. కాకపోతే ఆ వారం ఇంకేమీ మార్చకండి. నేను లేకపోవడం వల్ల సర్వర్లు బాగుపడ్డాయో, పాడయ్యాయో సరిగ్గా తెలుస్తుంది."

పెద్దసారు ఆయన్ని తేరిపార చూశాడు. వెటకారం కాదు. మనిషి నిజంగానే ఆ లెక్క తెలుసుకోవాలనుకుంటున్నాడు. కవరు చించి బుట్టలో వేశాడు.

"ఈమె ఉద్యోగం ఖాయం. మీకు ఒక మెమో. రెండూ ఇవాళే ఇచ్చేస్తాను."

"రెండూ ఒకే రోజా సార్?" బాబాయ్ అదిరిపడ్డాడు. "ఈమెది ఇవాళ ఇవ్వండి. నాది వచ్చే శుక్రవారం."

కొత్తమ్మాయి కాగితం తీసుకుంది. ఏడవాలో నవ్వాలో తేలక రెండూ కలిపి చేసేసింది. బాబాయ్ మొహం చిట్లించాడు.

మిగతా సర్వర్లలోనూ బల్ల అంకె తీసేసి వారం గడిచింది. సర్వర్లు హాయిగా ఉన్నాయి, పెద్దసారు మెమో సంగతే మర్చిపోయాడు. సరిగ్గా పదకొండింటికి తలుపు తట్టిన చప్పుడు.

"సార్, నా మెమో."

"ఏ మెమో? పోనీలేవయ్యా!"

"పోనిస్తే ఎలా సార్? తేలింది కదా. రాతలో ఉండాలి."

ఇక తప్పదని పెద్దసారు టైపు చేయించాడు. నిర్లక్ష్యం వల్లనూ, మతిమరుపు వల్లనూ పాత అంకెను మార్చకుండా వదిలేసినందుకు హెచ్చరిక. బాబాయ్ రెండుసార్లు చదివి వెనక్కిచ్చాడు.

"రెండు కారణాలు రాశారు సార్. ఏ కారణమో తేల్చండి."

"మీరే చెప్పండి!"

"మతిమరుపే సార్. నిర్లక్ష్యమైతే మిగతా ఎనిమిది అంకెలు కూడా పాడై ఉండాలి."

ఒకటి కొట్టేయించుకుని, సంతకం చేయించుకుని, కొత్త పట్టా పుచ్చుకున్నవాడిలా ఇంటికెళ్లాడు. "మెమో తెచ్చుకుని ఇంత మురిసిపోయే మొగుడు ఎవరికుంటాడు?" అంది పిన్ని. అంటూనే రెండుసార్లు చదివించుకుంది.

ఆ మెమో ఇప్పుడు బాబాయ్ బల్ల మీద అద్దం కింద ఉంది. ఆఫీసులో ఎవరి వల్లనైనా ఏదైనా కూలిందంటే వాళ్లు పాలిపోయిన మొహంతో మొదట వచ్చేది అక్కడికే. మొన్న ఒకతను వచ్చి, "సార్, నాదే అయ్యుంటుంది..." అన్నాడు. బాబాయ్ లేవబోతుంటే కొత్తమ్మాయే కుర్చీ లాగి అతన్ని కూర్చోబెట్టింది.

"ముందు ఆ అద్దం కింద కాగితం పైకి చదువు."

అతను తడబడుతూ చదివాడు. సగంలో నవ్వొచ్చి ఆగాడు. ఆమె మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చింది.

"నవ్వావు కదా? ఇప్పుడు చెప్పు. ఏం మార్చావు?"

"మూడు మార్చాను మేడమ్."

బాబాయ్, కొత్తమ్మాయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి నెత్తి కొట్టుకున్నారు.